ఎదురుగాలిలో ఏటిప్రయాణము

కళ్లమున ధాన్యము తూర్పారబట్టు స్త్రీకి గాలిసంగతి మఱియొకరు చెప్పవలసిన పనిలేదు. చేట యెత్తకమున్నే ఆమె గాలి యే దిక్కుననుండి వచ్చుచున్నదో చూచుకొనును. పైటచెఱగు తూలుటయు, పొయ్యిపొగ వంగుటయు, కొబ్బరిమట్ట కదలుటయు ఆమెకు గుర్తులు. గాలి మళ్లినచో తానును ప్రక్కకు జరిగి నిలుచును. గాలి పడిపోయినచో చేట దింపి కొంతసేపు కూర్చుండును. తాలు ఒక ప్రక్కకు, గింజ యొక ప్రక్కకు పోవుట గాలి చేసిన పని వలె కనబడును గాని, నిలువవలసిన చోటు నెఱిగి నిలిచినది ఆమెయే.

ఇట్టి గాలినే నమ్ముకొని మన కృష్ణాతీరమున తరతరములుగా పడవలు నడపినవారు కలరు. గాలి వెనుకనుండి వీచునపుడు తెరచాప యెత్తిన పడవ ముందునకు పోవుటలో వింత యేమియు లేదు. గాలి యెదుటినుండి కొట్టుచుండగా, ఆ గాలిసాయముననే ఆ గాలి వచ్చు దిక్కునకు పడవను కొనిపోవు నేర్పే వింతయైనది. ఆ నేర్పును కన్నులార చూడవలెనని మేము నలుగురము స్త్రీలము ఫాల్గుణమాసమున బెజవాడనుండి దివిసీమ కొసవఱకు పోయివచ్చితిమి. చూచినదానిని, తెలిసికొన్నదానిని సోదరీమణులకు విన్నవింప దలచి యీ నాలుగుమాటలు వ్రాయుచున్నాము.

బెజవాడ యని పెద్దలు పిలుచుచు వచ్చిన విజయవాడలో మొదట చూడదగినది ఇంద్రకీలాద్రి. కనకదుర్గమ్మను దర్శించి, మెట్లమీదినుండి దిగువకు చూచినయెడల ఈ పట్టణ మిచట నేల వెలసెనో తెలియును. ఉత్తరపుగట్టున ఇంద్రకీలాద్రి, దక్షిణపుగట్టున సీతానగరపు కొండ. ఈ రెంటి నడుమ ఇఱుకునబడి కృష్ణ తూర్పునకు సాగుచున్నది. ఏఱు ఇఱుకుగా నుండి గట్లు గట్టిగా నున్నందున ఆనకట్టకు ఈ చోటు తగియున్నది. 1852వ సంవత్సరమున మొదలుపెట్టి 1855లో పూర్తిచేసిన పాత ఆనకట్ట సర్ ఆర్థర్ కాటన్ దొర ఆమోదించినది. దగ్గఱనుండి కట్టించినవాడు కెప్టెన్ ఆర్. అది 1952లో వరదకు గండిపడగా, దాని యెగువను కట్టిన క్రొత్త బ్యారేజి 1957లో పూర్తియై ప్రకాశము పంతులుగారి పేర వెలయుచున్నది. దానికి 70 తలుపులు. మీద రహదారియు కలదు.

నీటికి ఇఱుకైన చోటు గాలికిని ఇఱుకే. పడమటిగాలి గాని తూర్పుగాలి గాని రెండుకొండల నడుమ దూఱునపుడు వడి హెచ్చును. కొండచాటున మాత్రము గాలి చచ్చియుండును. దీనిని గాలినీడ యనవచ్చును. బ్యారేజిమీద నడచునపుడు చీరకొంగు చేతబట్టుకొనవలసి వచ్చుటయు, నాలుగడుగులు కొండప్రక్కకు పోగానే గాలి లేకపోవుటయు మేము చూచితిమి. పడవవానికి ఈ తేడాయే లాభనష్టముల లెక్క. ఎగువనున్న అమరావతికి పోవు పాతకాలపు పడవకు తూర్పుగాలి దొరికినచో ఏటివాలునకు ఎదురైనను తెరచాపతో పోగలిగెడిది. పడమటిగాలి వచ్చెనా, నీరును గాలియు రెండును ఎదురే.

బెజవాడనుండి బయలువెడలు కాలువలును ఈ కథలోనివే. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవసు కాలువ మూడును పట్టణము నడుమనుండియే సాగిపోవును. అవి పంటలకొఱకు మాత్రమే త్రవ్వినవి కావు, పడవలకొఱకును. ఏలూరు కాలువద్వారా గోదావరి కాలువలలో ప్రవేశించి కాకినాడకు పోవచ్చెడిది. దక్షిణపుగట్టున కొమ్మమూరు కాలువ పట్టి పెదగంజాముకడ బకింగ్‌హాము కాలువలోనికి దిగి చెన్నపట్టణము చేరవచ్చెడిది. కాలువమట్టము మాఱుచోట్ల లాకులు కట్టిరి. పడవ రెండుతలుపుల నడుమ తొట్టివంటి చోట నిలుచును. ఒక తలుపు మూసి నీరు పెట్టిన పైకి లేచును, నీరు విడిచిన క్రిందికి దిగును. రైలును లారీలును వచ్చిన పిమ్మట ఈ పడవప్రయాణములు అడుగంటినవి. లాకులు కొన్ని యింకను నిలిచియున్నవి.

ఆ కాలువపడవలు ఎదురుగాలిలో ఏమిచేసెడివి? గాలి యనుకూలమైన తెరచాప యెత్తెడివి. ఎదురైన దానిని దింపి, గట్టుమీద మనుష్యులు త్రాడు భుజమున వేసికొని ముందునకు వంగి లాగెడివారు. ఇందులకు కారణము కాలువ వెడల్పు. గాలికి ఎదురుగా తెరచాపతో పోవలెనన్న వంకరటింకరగా పోవలెను. కాలువలో నాలుగు బారలు పోగానే గట్టు తగులును. మలుపు మలుపునకు పడవ వడి చచ్చును. వడి యందుకొనులోపల మరల గట్టు. కావున కాలువలో మనిషి భుజమే గాలికి మందు. ఆ విద్యకు వెడల్పైన నీరు కావలెను. దానికొఱకే మేము సముద్రముఖమునకు పోవ నిశ్చయించితిమి.

బందరుదారిని ఉయ్యూరు, పామఱ్ఱు దాటి, కుడిచేతికి తిరిగి, నాట్యమునకు పేరుగన్న కూచిపూడిమీదుగా సాగితిమి. చల్లపల్లి చేరకమున్నే ఘంటసాల వచ్చును. ఇప్పుడు పొలముల నడుమ నున్న యీ గ్రామము ఒకప్పుడు ఓడలవర్తకముతో సంబంధము గలది. ఇచట బౌద్ధస్తూపపు శిథిలములును, పురావస్తుశాఖవారి ప్రదర్శనశాలయు కలవు. శాసనములలో కంటకసేల యనబడినది ఈ యూరే. రెండవ శతాబ్దిలో టాలెమీ యను గ్రీకు భూగోళవేత్త ఈ తీరమును వర్ణించుచు దీని పేరు చెప్పియున్నాడు. సువర్ణభూమికి పోవు ఓడలు ఒడ్డును విడిచి నడిసంద్రమునకు తిరుగు చోటును ఈ తీరముననే చూపినాడు. శాతవాహనప్రభువగు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములమీద రెండు స్తంభముల ఓడ ముద్రింపబడియున్నది.

ఆ ఓడవారు ఎదురుగాలిని గెలిచిన మొదటి యుపాయము ఓపిక. నైరృతిగాలి వీచు నెలలలో తూర్పుదేశములకు పోయి, ఈశాన్యపుగాలి తిరిగినపిమ్మట మరలివచ్చెడివారు. సముద్రముకడ నుండు జాలరులు ఇదే పనిని ఒక్కదినములో చేయుదురు. రాత్రి నేల చల్లబడినందున తెల్లవారుజామున గాలి నేలనుండి సముద్రమునకు వీచును. దానితో వేటకు పోవుదురు. పగలు నేల కాగి, దానిమీది గాలి తేలికయై పైకిలేవగా సముద్రపుగాలి లోనికి వచ్చును. దానితో ఇల్లు చేరుదురు. పోవునపుడును గాలి వెనుకనే, వచ్చునపుడును గాలి వెనుకనే. వేళ నెఱిగినవానికి సగము ఎదురుగాలి తప్పిపోవును. తప్పని మిగిలిన సగమునకే నేర్పు కావలసియున్నది.

మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరుని సేవించి, అవనిగడ్డమీదుగా నాగాయలంక చేరితిమి. ఇచట కృష్ణ విశాలముగా, నిదానముగా దక్షిణమునకు సముద్రమువైపు సాగుచున్నది. శ్రీరామపాదక్షేత్రము ఘాటున నిలిచిచూచిన ఆవలిగట్టు సన్నని పచ్చగీత వలె కానవచ్చును. దిగువకు పోయినకొలది దీవులును, మడ అడవులును. మేము పోదలచినది దక్షిణముననున్న ఎదురుమొండి దీవివైపునకు. మాతో వచ్చిన పెద్దముత్తైదువ అచటనున్న మనుమరాలికి సీమంతపు సారె తీసికొనిపోవుచుండెను. బల్లకట్టున దాటు దారి వేఱుగా నున్నది గాని, మేము చూడవచ్చినది తెరచాపను గాన ఆమెయు మాతోనే వచ్చెదననెను. “దీపాలవేళకు ముందే సారె చేర్చవలె నాయనా” యని మాత్రము పడవవానితో గట్టిగా చెప్పినది.

పడవవాడు వయసు మళ్లినవాడు. ఇప్పు డందఱును ఇంజనుపడవలే నడపుచుండగా, ఈతడు చిన్నపడవకు మూడుమూలల తెరచాప యింకను కట్టుచున్నాడు. బయలుదేరుటకు మునుపు ఆతడు మమ్ము అడిగినది సొమ్ము కాదు, తిథి. నిన్న పూర్ణిమ యని చెప్పగా తల యూపి, “పన్నెండు గంటలకు కదులుదాము తల్లీ. ఆటు మనలను దిగువకు లాగుతది. నాలుగు దాటితే పోటు తిరగబడతది” యనెను. అమావాస్య పూర్ణిమల దగ్గఱ పోటును ఆటును బలముగా నుండును, అష్టమిదగ్గఱ మందగించును. పోటువేళ దినదినము ముప్పాతికగంటకు పైగా వెనుకకు జరుగును. పంచాంగము చూడనేర్చిన గృహిణికి సముద్రపులెక్క సగము వచ్చినట్లే.

పన్నెండింటికి పడవ కదలెను. గాలి తిన్నగా దక్షిణమునుండి, అనగా మేము పోవలసిన దిక్కునుండియే వీచుచుండెను. తెరచాప యెత్తగానే పడవ ముక్కు నైరృతికి తిరిగి, ఆవలిగట్టువైపు పరుగెత్తనారంభించినది. పెద్దావిడకు కంగారు పుట్టినది.

“ఊరు అటుండగా ఇటు పోవుచున్నావేమి నాయనా?”

“ఊరికే పోతున్నానమ్మా. గాలికి ముఖం పెడితే కొడతది. భుజం పెడితే మోస్తది.”

ఈ మాటలోనే ఆ విద్యయంతయు నున్నది. కొంచెము వివరింతుము.

తెరచాపతో ఏ పడవయు గాలి నోటిలోనికి తిన్నగా పోజాలదు. పోయినయెడల చాప ఆరవేసిన చీరవలె రెపరెపలాడును, పడవ నిలిచిపోయి వెనుకకు జాఱును. గాలికి ప్రక్కగా కొంత కోణమున పోయినపుడు చాప ఉబ్బి పక్షిఱెక్క వలె వంపుతిరుగును. ఉబ్బిన వెలుపలివైపున గాలి వడిగా పోవుటచే ఒత్తిడి తగ్గును, లోపలివైపున హెచ్చును. ఆ తేడా పడవను కొంత ముందునకును, హెచ్చుభాగము ప్రక్కకును త్రోయును. ప్రక్కకు జాఱిపోకుండుటకు పడవప్రక్కన నిలువుపలక నొకదానిని నీటిలోనికి దింపుదురు. పెద్దయోడలకు అడుగుననే అట్టి పలక యుండును. తడి పుచ్చగింజను బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ నొక్కిన అది ముందునకు ఎగిరి దుమికుట పిల్లలందఱు ఎఱిగిన ఆట. వ్రేళ్లు నొక్కునది ప్రక్కలనుండి. గింజ పోవునది ముందునకు. ఒక వ్రేలు గాలి, రెండవది నీరు, నడుమ గింజ పడవ.

ఇట్లు కొంతదూరము నైరృతికి పోయి, పిమ్మట మలుపు తీసికొని ఆగ్నేయమునకు, మరల నైరృతికి పోవుచు దక్షిణమును చేరవలెను. ఇంద్రకీలాద్రిమీది ఘాటురోడ్డు కొండను తిన్నగా ఎక్కక, మలుపులు తిరుగుచు ఎక్కుట చూచితిమి గదా. గాలియు ఒక కొండయే. కంటికి కనబడని కొండ.

ఈ మలుపుల ఖరీదెంత? పడవ గాలికి 45 డిగ్రీల కోణమున పోగలిగిన, తిన్నగా 10 కిలోమీటర్ల దూరమునకు సుమారు 14 కిలోమీటర్లు తిరుగవలెను. 60 డిగ్రీల కోణమున మాత్రమే పోగలిగిన 20 కిలోమీటర్లు. 70 డిగ్రీలైన 29 కిలోమీటర్లు. కావున గాలికి ఎంత దగ్గఱగా పోయిన అంత మంచిదని తోచును. కాని మితిమీరి దగ్గఱకు పోయిన చాప బలము చచ్చి, పడవ మెల్లబడి, ప్రక్కకు జాఱును. దూరము తగ్గించుకొనబోయి వడి పోగొట్టుకొన్నట్లగును. మిగుల దూరముగా పోయిన వడి యున్నను దారి పెరుగును. పడవ ఎంత వడిగా పోవుచున్నదని కాక, చేరవలసిన చోటు గంటకెంత దగ్గఱ పడుచున్నదని చూచుకొనుట మొదటి సూత్రము. మా పడవవాడు చాప ముందంచును కనిపెట్టి చూచుచు, అది వణకగానే ముక్కును వెంట్రుకవాసి దూరమునకును, నిండుగా నిలువగానే మరల దగ్గఱకును త్రిప్పుచుండెను. ఉప్పు రుచిచూచి వేయునట్లుండెను ఆ పని.

రెండవ సూత్రము పెద్దభాగము ముందు నడుచుట. చేరవలసిన చోటు గాలికి సరిగా ఎదుట లేక కొంచెము ప్రక్కకున్నపుడు, ఒకదిక్కు నడక ఎక్కువ, రెండవదిక్కు నడక తక్కువ యగును. గమ్యమునకు దగ్గఱగా ముక్కు పెట్టుకొని పోగలిగిన ఆ పెద్దనడకను ముందు పూర్తిచేయుట మేలు. తరువాత గాలి మాఱినను నష్టము స్వల్పము.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. గాలి ఒక్కదిక్కుననే నిలిచియుండదు. ఇటునటు కొంచెము కొంచెముగా మళ్లుచుండును. మేము నైరృతిగా పోవుచుండగా ఒకచోట గాలి దక్షిణమునుండి కొంత నైరృతివైపునకు మళ్లినది. చాప వణకగా ముక్కును పడమటికి త్రిప్పవలసి వచ్చినది. అనగా గమ్యమునకు దూరముగా పోవుచున్నామన్నమాట. వెంటనే పడవవాడు పడవను ఆగ్నేయపు నడకకు మఱల్చెను. ఇందాక నష్టము కలిగించిన ఆ మళ్లింపే ఇప్పుడు లాభమైనది. పడవ ముక్కు మునుపటి ఆగ్నేయమునకు గాక దక్షిణమునకు మఱింత దగ్గఱగా నిలిచినది. గాలి ముక్కును ప్రక్కకు నెట్టినపుడు మలుపు తీసికొనవలెను, గమ్యమువైపునకు పోనిచ్చినపుడు నోరు మెదపక అట్లే సాగవలెను. కళ్లమున గాలి మళ్లగానే స్త్రీ ప్రక్కకు జరిగి నిలుచుటకును దీనికిని భేదము లేదు.

అయినచో ప్రతి చిన్నమళ్లింపునకును తిరుగవలెనా? కూడదు. మలుపు మలుపునకు వడి పోవును. మా పడవవంటి వాలుకొయ్య పడవకు మఱియు కష్టము. ముక్కును గాలికడ్డముగా త్రిప్పక, వెనుకకు చుట్టి తిరిగి, చాపకొయ్యను స్తంభమునకు ఆవలిప్రక్కకు మార్చవలెను. ఆ చుట్టులో సంపాదించిన దూరము కొంత పోవును. అందుచే ఆతడు చిల్లరమళ్లింపులను ఓర్చుకొని, నిలువదగిన మళ్లింపు వచ్చినపుడే తిరుగుచుండెను. నీటిమీది నల్లని అలలగీత దూరమున కదలివచ్చుట చూచి గాలి మనలను చేరకమున్నే తెలిసికొనవచ్చునని చూపెను. నున్నగా మెఱయు నీరు గాలిలేని చోటు. మడచెట్ల చాటున అట్టి నీరే యుండుటచే ఆ గట్టుకు మఱీ చేరక ముందే మఱలుచుండెను.

నాలుగవది అంచునకు పోకుండుట. ఏటిలో ఎంతో ప్రక్కకు పోయి, “ఇచటినుండి ఒక్కమలుపుతో ఊరు చేరుదుము” అను గీతను తొందరగా పట్టుకొన్నవానికి ఆపై దారులుండవు. గాలి అనుకూలించిన అనవసరముగా దూరము పోయినవాడగును. ప్రతికూలించిన మరల మలుపులు తప్పవు. నడుమ తిరుగువానికి రెండుదిక్కులును తెఱచియుండును. మేము ఆవలిగట్టును తాకుదుమని రెండుమాఱు లనుకొంటిమి గాని ఆతడు తాకనీయలేదు.

అయిదవది నీటివాలు. ఆటు నడియేటిలో లోతుచోట బలముగాను, గట్టుదగ్గఱ మందముగాను పాఱును. మనతో వచ్చు నీటిని నడుమ పట్టుకొనవలెను. ఎదురువచ్చు నీటిని గట్టుప్రక్క తప్పించుకొనవలెను. లెక్క చూడుడు. మలుపులు తిరుగు పడవ గాలికెదురుగా గంటకు 2 కిలోమీటర్లు మాత్రము గడించినదనుకొందము. నీరు 3 కిలోమీటర్ల వడితో మనదిక్కునకే పాఱిన గంటకు 5 కిలోమీటర్లు దక్కును. అదే నీరు ఎదురైన ఎంత నేర్పుతో మలుపులు తీసినను గంటకొక కిలోమీటరు వెనుకకు పోవుదుము. ఆతడు మొదట తిథి యేల అడిగెనో మా కప్పుడు తెలిసినది. గాలికెదురుగా నీరు పాఱునపుడు అలలు మాత్రము నిటారుగా లేచును. మా చీరలును, సారెబుట్టమీది గుడ్డయు తడిసినవి. పెద్దావిడ బుట్టను ఒడిలోనికి తీసికొని చలిమిడిమీద చేయి కప్పి కూర్చుండెను.

నాలుగుగంటలు కావచ్చినది. దీవిగట్టున కొబ్బరిచెట్లు స్పష్టముగా కనబడుచున్నవి. నీటిపై తేలివచ్చిన ఆకులు ఇంతకుముందు మాతోబాటు పరుగెత్తినవి యిప్పుడు నిలిచి తిరుగుచున్నవి. ఆటు తీఱినదన్నమాట. రేవు ఎడమప్రక్కగా ఎదురుగనే యున్నది. ఇక తిరుగవలెనని మాకందఱకును తోచినది. పెద్దావిడ “తిప్పు నాయనా, పొద్దు వాలుచున్నది” యనెను. ఆతడు తిప్పలేదు. “ఇంకొంచెమమ్మా” యని మఱి అయిదునిముసములు అట్లే పోనిచ్చెను. ఆమె రేవు ప్రక్కకు తప్పిపోవుచున్నదని కన్నులార చూచుచు పెదవి కొఱుకుకొనుచుండెను. పిమ్మట ఆతడు పడవను చుట్టి త్రిప్పి చాపకొయ్య మార్చెను. ముక్కు రేవునకు చాల దక్షిణముగా నిలిచినది. గట్టు దగ్గఱపడినకొలది పోటు మొదలై పడవను ఉత్తరమునకు నెట్టసాగెను. ముక్కు చూచుచున్నది దక్షిణమును, పడవ పోవుచున్నది సరిగా రేవునకే. ఆ అయిదునిముసములు ముందుగా తిరిగియున్న పోటు మమ్ము రేవునకు ఎగువను పాఱవైచియుండెడిది; ఆపై గాలియు నీరును రెండును ఎదురై, ఆ పూట సారె చేరియుండదు. గమ్యమును చూచి గుఱిపెట్టక, గమ్యముకడకు తాను చేరువేళకు నీరెట్లుండునో చూచి గుఱిపెట్టుట ఆఱవ సూత్రము. ఆమె బుట్టతో ఒడ్డున దిగునప్పటికి దీపాలవేళ కింకను గంట పైగా నున్నది.

తిరుగుప్రయాణము చెప్పుటకేమియు లేదు. గాలి వెనుక, పోటు వెనుక. ఒక్కమలుపైన లేదు. పొద్దుక్రుంకిన కొంతసేపటికి పాడ్యమిచంద్రుడు మడ అడవులమీద లేచుచుండగా నాగాయలంక దీపములు కానవచ్చెను.

పెక్కు పడవలు కూడినచోట మర్యాదలును కలవు. కుడిప్రక్కనుండి గాలి సోకు పడవకు, ఎడమప్రక్కనుండి గాలి సోకు పడవ దారి యీయవలెను. ఇద్దఱికిని ఒకేప్రక్క గాలి యున్నపుడు గాలివైపునున్నవాడు దిగువవానికి దారి యీయవలెను. పందెములలో ముందుపోవు పడవచాప వెనుకవానికి గాలినీడ యగును. దానిలో చిక్కినవాడు మలుపు తీసికొని శుభ్రమైన గాలి వెదకుకొనవలెను. హైదరాబాదులో హుస్సేన్‌సాగరముమీద ఇట్టి పందెములు జరుగుచున్నవి. బాలికలును అచట ఈ విద్య నేర్చుచున్నారు.

తెలుగుబిడ్డలకు ఇది క్రొత్తయు కాదు. 2017 సెప్టెంబరు 10వ తేదీన గోవానుండి మన నౌకాదళమువారి ‘తారిణి’ యను 55 అడుగుల తెరచాపపడవ బయలుదేరినది. అందలి ఆఱుగురును స్త్రీలే. నాయకురాలు వర్తికా జోషి. తక్కినవారిలో విశాఖపట్టణపు పాతర్లపల్లి స్వాతియు, హైదరాబాదు బొడ్డపాటి ఐశ్వర్యయు మన తెలుగువారు. ఆస్ట్రేలియా, న్యూజీలాండు, దక్షిణ అమెరికా కొసనున్న హార్న్ అగ్రము, ఫాక్లాండు దీవులు, కేప్‌టౌను చుట్టి 254 దినములకు, 2018 మే 21వ తేదీన గోవా చేరిరి. దక్షిణసముద్రములో ఎడతెగక వీచు పడమటిగాలి వీపున నుండునట్లు తూర్పుదిక్కుగా భూమిని చుట్టుటయే ఆ దారిలోని నేర్పు. ఘంటసాల ఓడవారు ఎఱిగిన గాలిలెక్కయే అది. పిమ్మట 2024 అక్టోబరునుండి 2025 మేవఱకు దిల్నా, రూప అను ఇద్దఱు నౌకాధికారిణులు ఇద్దఱే ఆ పడవపై భూమిని చుట్టివచ్చిరి.

ఇంజనులుండగా ఈ తెరచాప గొడవ యేలయని కొందఱనవచ్చును. నడిసంద్రమున ఇంజను ఆగిన పడవకు గాలి యెటు కొట్టిన అటే గతి. ఈశాన్యపుగాలి వీచు చలినెలలలో మన తీరపు పడవ దక్షిణముగా కొట్టుకొనిపోవును; ఇల్లు గాలివైపున నుండును. అప్పుడు చిన్నచాపయు, నిలువుపలకయు, ఈ మలుపులవిద్యయు నున్నవానికి ఇల్లు చేరు దారి యున్నది. ఒడ్డున ఎదురుచూచు ఆడవారికి ఈ మాట విలువ వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఈ ప్రయాణము చేయగోరు సోదరీమణులకు రెండుమాటలు. విజయవాడనుండి నాగాయలంకకు బస్సులు కలవు. మాఘము వెళ్లినది మొదలు ఎండలు ముదురువఱకు వేళ అనుకూలము. తుపానుల నెలలు మంచివి కావు. 1977 నవంబరు 19వ తేదీనాటి ఉప్పెనను దివిసీమ మఱవలేదు. ఏ పడవ యెక్కినను లైఫ్ జాకెట్టు అడిగి తొడుగుకొనుడు, పిల్లలకు ముందు తొడుగుడు. మితిమీరి జనము నెక్కించు పడవ నెక్కకుడు. 2017 నవంబరు 12వ తేదీన ఇబ్రహీంపట్టణము పవిత్రసంగమముకడ పడవ బోల్తాపడి ఇరువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. బిడియపడి ఊరకుండుటకు ఏరు తగిన చోటు కాదు. పోవుటకు ముందు పంచాంగము తీసి తిథి చూచుకొనుడు. పడవవానిని పోటువేళ అడుగుడు. ఆ ప్రశ్న విన్నంతనే ఆతడు మిమ్ము బేరమాడ వచ్చినవారివలె గాక, పని తెలిసినవారివలె చూచి, చుక్కానిదగ్గఱ చోటిచ్చి కూర్చుండబెట్టును.